గాజువాకలో చీనా కొమ్ముచెంబు

మా ఊరు చూడ్డానికని ఎవరూ రారు. విశాఖపట్నం వచ్చిన చుట్టాలు సముద్రం చూస్తారు, కైలాసగిరి ఎక్కుతారు, సింహాచలం వెళ్ళి అప్పన్నకు దణ్ణం పెట్టుకుంటారు, ఇంకా తీరిక ఉంటే భీమునిపట్నం దాకా పోయి డచ్చివాళ్ళ గోరీలు కూడా చూసి వస్తారు. గాజువాక మాత్రం వాళ్ళకి బస్సు కిటికీలోంచి కనిపించే దుమ్ము. పేరులో గాజు ఉంది, వాక అంటే ఏరు కనుక నీళ్ళూ ఉన్నాయి. కంటికి కనిపించేవి మాత్రం లారీలూ, ఇనపచువ్వల కొట్లూ, పాత గాజువాక కూడలిలో ఏ వేళప్పుడు చూసినా తెమలని బళ్ళూను.

అయినా ఇరవై ఏళ్ళుగా ఇక్కడ కాపరం ఉన్నవాణ్ణి కనుక ఒక్క మాట చెప్పగలను. గాజువాకలోనే పుట్టిన వస్తువు దొరకడం కష్టం గాని, ప్రపంచంలో మరెక్కడ పుట్టిన వస్తువైనా వెతికితే గాజువాకలో దొరుకుతుంది. 1941లో సింధియా వైపు ఓడల కార్ఖానా పెట్టినప్పుడు కొందరు వచ్చేరు. 1966లో ఉక్కు కర్మాగారం కోసం రాష్ట్రమంతా అట్టుడికింది, 1971లో ఇందిరాగాంధీ శంకుస్థాపన చేసింది, 1992లో పి.వి. నరసింహారావు దాన్ని జాతికి అంకితం చేసేడు. ఆ ఉక్కును నమ్ముకుని శ్రీకాకుళం నుంచీ, ఒడిశా నుంచీ, ఇంకా ఎక్కడెక్కడినుంచో జనం వచ్చేరు. దానికోసం భూములు వదులుకున్న పల్లెలవాళ్ళు పెదగంట్యాడ చుట్టుపక్కల కాలనీల్లో దిగేరు. ఓడలమీద పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాళ్ళున్నారు, రంగూన్ నుంచి కట్టుబట్టలతో వచ్చినవాళ్ళున్నారు. ప్రతి ఇంటి అటకమీదా ఏదో ఒక దేశపు మూట ఉంటుంది.

ఆ మూటల్లో నేను వెతికేవి చీనా దేశపు మట్టి టీ కూజాలు.

తెలుగు పాఠాలు చెప్పుకునేవాడికి ఈ యావ ఏమిటని మా కాలేజీలో చాలామంది అడిగేరు. మా ఆవిడ ఇప్పటికీ అడుగుతూనే ఉంది. తొమ్మిదేళ్ళ క్రితం మా వీధి చివరి సరంగుగారు ఇంటికి సున్నాలు వేయించుకుంటూ అటక ఖాళీ చేసి, “మాస్టారూ, మీ పూజకేమైనా పనికొస్తుందేమో చూడండి” అంటూ గుప్పెట్లో పట్టేటంత వస్తువొకటి నా చేతిలో పెట్టేడు. ఎండు ఖర్జూరం రంగు. ఒకవైపు చిన్న కొమ్ము, ఒకవైపు చెవి, పైన బొడిపె ఉన్న మూత. మన కొమ్ముచెంబునే ఎవరో ముద్దొచ్చేలా చిన్నది చేసి మట్టితో చేసినట్టుంది. ఎప్పుడో షాంఘై రేవులో కొన్నాడట.

మర్నాడు కాలేజీనుంచి వచ్చేసరికి మా ఆవిడ దాన్ని సబ్బు పెట్టి పీచుతో తోమి, పాలూ అల్లమూ దట్టించిన టీ పోసి, నాకోసం సిద్ధంగా ఉంచింది. ఒక్క గుక్క తాగేను. టీలో అల్లం వాసనకన్నా సబ్బు వాసనే ఎక్కువగా ఉంది. తప్పు ఆమెది కాదు. ఆ మట్టి అలాంటిది. అది ఎలాంటి మట్టో తెలుసుకుందామని పుస్తకాలు తిరగేయడంతో నా పతనం ప్రారంభమయింది.

ఈ కూజాల పుట్టిల్లు జియాంగ్సు రాష్ట్రంలోని ఈషింగ్. తాయ్ అనే పెద్ద సరస్సుకు పడమటి ఒడ్డున ఉంటుంది. అక్కడి డింగ్షు పట్టణం పక్కనున్న కొండ పేరుకు పసుపుపచ్చ డ్రాగను కొండ అని అర్థం. మట్టి అనడమే గాని అది తవ్వినప్పుడు రాయిలాగే వస్తుంది. దాన్ని ఎండకీ వానకీ వదిలేసి, చివికినాక నూరి, జల్లించి, నీళ్ళు కలిపి, నెలల తరబడి మాగబెడతారు. జిషా అంటారు, ఊదారంగు ఇసుక అని అర్థం. ఎర్రనిదీ, లేత పసుపుదీ కూడా ఉన్నాయి. మన పింగాణీ జాడీలకున్నట్టు దీనికి పైన గాజుపూత ఉండదు. 1100, 1200 డిగ్రీల వేడిలో కాలుస్తారు. అంచేత నీరు కారదు, అయినా కంటికి కనిపించని సందులు మిగిలే ఉంటాయి. పోసిన టీ వాసన వాటిలోకి ఇంకుతుంది. అందువల్ల ఒక కూజాలో ఒకే జాతి టీ కాయాలి. సబ్బు ముట్టించరాదు. వేణ్ణీళ్ళతో తొలిచి గుడ్డతో తుడుస్తూ ఉంటే, కొన్నేళ్ళకి పైన ఒక నునుపు, ఒక కళ వస్తుంది. ఆ కళ తెప్పించడానికి చీనా భాషలో వాడే మాట ‘యాంగ్’. పెంచడం, పోషించడం అని అర్థం. పిల్లల విషయంలో వాడే మాటే. కూజాను పెంచుతారన్నమాట.

ఇంకో చిత్రం ఉంది. ఈ కూజా సారెమీద చెయ్యరు. మట్టిని అప్పడంలా పలకగా సాగగొట్టి, పట్టీ కోసి, గుండ్రంగా చుట్టి, అతికి, చెక్కబద్దతో తడుతూ తడుతూ భుజమూ పొట్టా తీరుస్తారు. ఈ తట్టుడు పని మనవాళ్ళకి తెలియనిది కాదు. మన కుమ్మరి కుండకి మూతి సారెమీదే తీస్తాడు గాని, కడుపు మాత్రం లోపల రాయి ఆనించి బయట చెక్కతో కొట్టి పెంచుతాడు.

ఈ కళకి మూలపురుషుడుగా చెప్పేది గోంగ్ చున్ అనే పనికుర్రవాణ్ణి. పదహారో శతాబ్దం మొదట్లో అతని యజమాని, వూ ఈషాన్ అనే పండితుడు, చదువుకోవడానికి ఒక బౌద్ధాలయంలో బస చేసేడట. అయ్యగారు గ్రంథాలు వల్లిస్తూ ఉంటే, కుర్రవాడు అక్కడి ముసలి భిక్షువు కూజాలు చేసే విధం చూసి, చేతులు కడిగిన కుండ అడుగున పేరుకున్న మట్టితో తానూ ఒకటి చేసేడని కథ. పండితుడి పేరు ఈనాడు ఎవరికైనా గుర్తుందంటే ఆ కుర్రవాడి మూలానే. ఉద్యోగరీత్యా నాకీ కథ అంతగా రుచించదు గాని, ఏ మాటకామాటే చెప్పుకోవాలి గదా.

తరవాత షీ దాబిన్ వచ్చి, పండితుల సావాసంచేత పెద్ద కూజాలు మాని చిన్నవి చేసేడు. 1768లో పుట్టిన చెన్ మాన్‌షెంగ్ అనే అధికారి నమూనాలు గీసి ఇస్తే, పనివాళ్ళు చేసేవారు. ఇరవయ్యో శతాబ్దంలో గు జింగ్‌జౌ (1915–1996) ఉన్నాడు. ఈయన 1930లలో కుర్రవాడుగా షాంఘైలో ఒక పాతవస్తువుల వర్తకుడి దగ్గర కుదిరి, ప్రాచీనుల కూజాలకు అచ్చంగా నకళ్ళు చేసేడు. ఇవాళ ఆయన సొంత కూజాలే వేలంలో కోట్లు పలుకుతున్నాయి, వాటికే ఊరూరా నకళ్ళు పుడుతున్నాయి. ఈ రంగంలో నిజమైనది ఏది అన్న ప్రశ్న ఎంత చిక్కో దీన్నిబట్టి ఊహించుకోండి.

పదిహేడో శతాబ్దంలో టీ ఆకుతోపాటు ఈ ఎర్ర కూజాలు కూడా ఐరోపాకి ఓడలెక్కేయి. టీ కాచే పాత్ర ఎలా ఉండాలో అక్కడివారికి అంతకుముందు తెలియదు. హాలండులో డెల్ఫ్ట్ పట్నపు కుమ్మరులు చూసి చేసేరు, తరవాత ఇంగ్లీషువాళ్ళు, ఆ తరవాత జర్మనీలో మైసెన్ వాళ్ళు. మన పెళ్ళిళ్ళలో చదివించే టీ సెట్టులోని బొజ్జకూజాకి తాతముత్తాతలు ఈషింగ్‌లోనే ఉన్నారు. ఆ డచ్చి వర్తకులే 1825 దాకా మన భీమునిపట్నంలోనూ గిడ్డంగులు పెట్టుకుని ఉన్నవారు. టీ అనే మాటని ఐరోపాకి మోసినవాళ్ళూ వాళ్ళే. చీనా ఆగ్నేయ తీరాన ఫూజియన్‌లో హొక్కియెన్ జనం ‘తే’ అంటారు. డచ్చివాళ్ళు ఆ రేవుల సరుకుతో ఆ మాటా పట్టుకెళ్ళేరు. మిగిలిన చీనాలో చాలాచోట్ల ‘చా’ అంటారు. అది మెట్టదారిని పారశీకం మీదుగా వచ్చి చాయ్ అయింది. విశాఖపట్నంలో టీ అనీ, హైదరాబాదులో చాయ్ అనీ మనం ఒకర్నొకరం వెక్కిరించుకుంటాం గాని, ఒకటి ఓడెక్కి వచ్చింది, ఒకటి ఒంటెనెక్కి వచ్చింది, అంతే భేదం.

ఈ హొక్కియెన్ వాళ్ళ టీ మన కషాయానికి అన్నలాంటిది. నిమ్మకాయంత కూజాలో సగానికి పైగా ఆకు కూరి, సలసల మరిగే నీళ్ళు పోసి, క్షణంలో ప్రమిదలంతేసి గిన్నెల్లోకి వంచేస్తారు. అందుకు వాళ్ళు వాడే ఎర్ర కూజాల అడుగున తరచు ‘మెంగ్ చెన్’ అని రెండక్షరాలు గీసి ఉంటాయి. ఆ పేరుగల కుమ్మరి పదిహేడో శతాబ్దపువాడు. ఆయన పోయిన మూడువందల ఏళ్ళుగా ఎవరు మంచి చిన్నకూజా చేసినా ఆయన పేరే గీస్తూ వచ్చేరు. ఈ జాతి కూజాను వెడల్పాటి గిన్నెలో నీళ్ళమీద వదిలితే ఒరగకుండా, మునగకుండా, సమంగా తేలాలి. మూతమీద బొడిపెలో సన్నని బెజ్జం ఉంటుంది. దానిమీద వేలు ఆనిస్తే కొమ్ములోంచి ధార ఆగాలి, వేలు తీస్తే సాగాలి. మూత అంత బిగువుగా కూర్చుందన్నమాట.

హొక్కియెన్ వర్తకులు మలయా, సింగపూరు, బర్మా రేవులన్నిటా ఉన్నారు కనుక, ఈ కూజాలూ అక్కడికి వెళ్ళేయి. నా దగ్గర సరంగుగారిదీ, ఆటోనగర్ పాతసామాన్ల కొట్లలో దొరికినవీ, పోస్టులో తెప్పించుకుని మోసపోయినవీ కలిపి పదకొండు పోగయ్యేయి. వాటిలో పాతకాలపు చిన్న ఎర్ర మెంగ్ చెన్ మాత్రం లేదు.

కిందటేడు ఒక పాత విద్యార్థి, తన అక్క కూతురికి అన్నప్రాశన, తప్పకుండా రావాలి మాస్టారూ అని పిలిస్తే కొత్త గాజువాక వెనక సందుల్లో వాళ్ళింటికి వెళ్ళేను. భోజనాలయ్యేయి. పిల్ల కడుపునొప్పితో కాబోలు ఒకటే ఏడుపు. లోపల్నుంచి ఒక ముసలమ్మ, డెబ్బై దాటి ఉంటుంది, వచ్చి కాళ్ళు చాపుకు కూర్చుని, పిల్లని కాళ్ళమీద పడుకోబెట్టుకుని, పక్కనున్న ఉగ్గుగిన్నె అందుకుని వాము నీళ్ళు నోట్లో వంచింది.

అది ఉగ్గుగిన్నె కాదు. చేతిలో ఆకువక్క అలాగే ఉండిపోగా నేను లేచి నిల్చున్నాను.

ఎర్రటి మట్టి. కమలాపండుకన్నా చిన్నది. సన్నని కొమ్ము. నా పదకొండు కూజాల్ని తొమ్మిదేళ్ళుగా గుడ్డతో రుద్ది రుద్ది నేను రప్పించలేకపోయిన కళ దానిమీద ఉంది. మూసిన కనురెప్పమీద ఉండే మెరుపులాంటిది. దీపం పెట్టి చూపించే మెరుపు కాదు.

“మామ్మా, ఒక్కసారి చూడొచ్చునా?” అన్నాను.

“దీన్నేటి సూస్తావు బాబూ, మాయమ్మ కాలం నాటిది” అంటూ ఇచ్చింది.

తిరగేసి చూసేను. అడుగున రెండక్షరాలు. ఆ రెండక్షరాలే.

నేను అక్కడితో ఊరుకుని ఉంటే ఈ వ్యాసం రాయవలసిన పని ఉండేది కాదు. బళ్ళో పంతులి బుద్ధి ఊరుకోదు గదా. పళ్ళెంలో నీళ్ళు తెప్పించేను. కూజా తేల్చేను. తామరమొగ్గలాగ సమంగా నిలిచింది. పిల్లలు మూగేరు. నీళ్ళు పోసి, మూత బెజ్జం మీద వేలు పెట్టేను, ధార ఆగింది. తీసేను, సాగింది. పిల్లలు చప్పట్లు కొట్టేరు. వాళ్ళ వెనక, మామ్మ మనవడు, పాతికేళ్ళవాడు, చప్పట్లు కొట్టకుండా చూస్తూ నిల్చున్నాడు.

ఆవిడ కథ అడిగేను. ఇక్కడినుంచి రంగూన్ వెళ్ళిన కూలీల కథ మన ఉత్తరాంధ్రలో చాలా ఇళ్ళకి సొంత కథే. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరుమీద తెలుగువాళ్ళందర్నీ అక్కడ కోరంగీలనేవారు. ఓడలకి బియ్యం బస్తాలు ఎత్తింది వాళ్ళు. 1930 మేలో రేవుపనుల దగ్గర వచ్చిన అల్లర్లలో చచ్చిపోయింది వాళ్ళు. 1941 డిసెంబరులో జపానువాడు బాంబులు వేస్తే అడవులంట నడిచి వచ్చింది వాళ్ళు. యుద్ధమయ్యేక మళ్ళీ వెళ్ళినవారిలో మామ్మ తండ్రి ఒకడు. ఆవిడ రంగూన్‌లోనే పుట్టింది. 1962లో నే విన్ సైన్యంతో గద్దె ఎక్కేక కొట్లూ మిల్లులూ ప్రభుత్వం తీసేసుకుంది. 1964 మే 17న యాభై, నూరు చాట్ల నోట్లు చెల్లవన్నారు. దాచుకున్నదంతా చిత్తుకాగితమయింది. మరుసటేడు వాళ్ళు ఓడెక్కేరు. కంచరపాలెం బర్మా క్యాంపులో దిగేరు.

“అప్పుడు దీన్లో బంగారమేదైనా దాచి తెచ్చేరా?” అని అడిగేను. కథల పుస్తకాలు చదివినవాడికి అలాంటి ప్రశ్నలే వస్తాయి.

ఆవిడ నవ్వింది. “బంగారమేటి బాబూ! వక్కలు పోసుకొచ్చింది మాయమ్మ.”

తరవాత కొంచెం ఆగి చెప్పింది. వాళ్ళ కింది వాటాలో చీనావాళ్ళ కొట్టు ఉండేదట. బయల్దేరే రోజున ఆ కొట్టు ఆవిడ వచ్చి, ఏమీ అనకుండా ఈ కూజా వాళ్ళమ్మ చేతిలో పెట్టి వెళ్ళిపోయిందట. వాళ్ళమ్మ ఒళ్ళో మూడు నెలల మగపిల్లవాడు. ఓడలో జ్వరం తగిలి తల్లికి పాలు పోయేయి. వక్కలు పారబోసి, వంటవాళ్ళని బతిమాలి గంజి తెచ్చి, వడగట్టి, ఈ కొమ్ములోంచి చుక్కచుక్కా పోసి బతికించుకున్నారు.

“ఆ గుంటడే మా తమ్ముడు. ఉక్కు ఫేక్టరీలో సేసి మొన్ననే రిటైరైపోనాడు” అంది.

ఆనాటినుంచీ ఆ సందులో పుట్టిన ప్రతి పిల్లకీ వాము నీళ్ళూ, పల్చని ఉగ్గూ అందులోంచే. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు తప్ప మరేదీ పొయ్యవద్దని డాక్టర్లు చెబుతున్నారు కనుక, ఇప్పుడు అన్నప్రాశన అయినాకే దాన్ని కిందికి దింపుతోందట. తోమేటప్పుడు సబ్బు వేస్తావా మామ్మా అని అడిగేను. “పిల్లలు తాగీదానికి సబ్బేటి?” అని నన్నే తిరిగి అడిగింది.

ఇంత విన్నాక కూడా నేనేం చేసేనో చెప్పాలి. జేబులో చెయ్యి పెట్టి, “మామ్మా, మూడు వేలిస్తాను, నాకిస్తావా?” అన్నాను. ఆ జాతి సరుకు పది వేలదాకా పలకవచ్చునని నాకు తెలుసు. తక్కువకి అడగడం సేకరించేవాళ్ళ ధర్మమని, అడిగినప్పుడు నాకు నేను చెప్పుకున్నాను.

మామ్మ జవాబు చెప్పేలోపున మనవడు తన ఫోను నా ముందు పెట్టేడు. గు జింగ్‌జౌ గారి కూజా. దాని కింద కోట్ల అంకె. “మాస్టారూ, ఇది కాదేటి ఇది?” అన్నాడు.

కాదని చెప్పేను. ఆయన చేసింది వేరు, ఇది 1950లలోనో అటూఇటూనో రంగూన్ కొట్లలో అమ్మిన సరుకు, ఈ పేరు గీసిన కూజాలు లక్షలున్నాయి అని వివరించేను. నేను చెప్పినదంతా నిజమే.

“అయితే మూడు వేలే చేస్తాదా?”

నేను వెంటనే జవాబు చెప్పలేదు. ఆ కుర్రవాడికి కావలసిన జవాబు ఆ ఆలస్యంలోనే దొరికింది. ఇరవై ఏళ్ళ ఉద్యోగంలో నా మాట నమ్మని విద్యార్థిని చాలామందిని చూసేను గాని, నమ్మకపోవడం న్యాయమైన సందర్భం నాకు ఇదొక్కటే తగిలింది.

మూడు రోజుల తరవాత ఆ కుర్రవాడే మా ఇంటికి వచ్చేడు. జేబురుమాలు మూట విప్పి బల్లమీద పెట్టేడు. కూజా బాగానే ఉంది. మూత రెండు ముక్కలయింది. మామ్మతో చెప్పకుండా, బేరం పెడదామని మోటారుసైకిలు మీద పట్నం తీసుకువెళ్ళేడట. దారిలో గోతిలో బండి ఎగిరింది. కొట్టువాడు మూత లేని కూజా మాకొద్దన్నాడు. “మీరు తేల్చీ తేల్చీ చూపించకపోతే నాకు ఈ బుద్ధి పుట్టేది కాదు” అన్నాడు. కోపంగా కూడా అనలేదు.

అతుకు పెట్టే జిగురు బజారులో పది రూపాయలకి దొరుకుతుంది. పసిపిల్లలు తాగే గిన్నెకి ఆ జిగురు ఎలా పెడతాను? వెనక చీనాలో విరిగిన గిన్నెలకి సన్నని ఇత్తడి కొక్కేలు దిగ్గొట్టి కలిపే పనివాళ్ళు వీధుల్లో తిరిగేవారట. మన వీధుల్లో బిందెలకి మాట్లు వేసేవాళ్ళు తిరిగినట్టే. మాకు ఇప్పుడు ఇద్దరూ లేరు.

ఆ రాత్రి నా పదకొండు కూజాలూ దింపి, పదకొండు మూతలూ ఆ కూజామీద పెట్టి చూసేను. మా ఆవిడ వంటింటి గుమ్మంలో నిల్చుని చూసింది. ఒకటి లోపలికి పడిపోయింది, ఒకటి పైన తేలింది, ఒకటి సరిపోయినట్టే ఉండి ఊగింది. ఏ మూతా పట్టలేదు. పట్టదని నాకు ముందే తెలుసు. ఒకే ముద్దలోంచి తీసిన మట్టితో, ఒకేసారి చేసి, ఒకదానిమీద ఒకటి పెట్టే కాలుస్తారు. రెండూ కలిసి కుదించుకుపోతేనే ఆ బిగువు వస్తుంది.

పెదగంట్యాడ వైపు ఒక కుమ్మరి ఉన్నాడని తెలిసి వెళ్ళేను. పూలకుండీలూ, దీపావళికి ప్రమిదలూ చేస్తున్నాడు. సారెకి కరెంటు మోటారు బిగించేడు. మూత ముక్క తీసుకుని గోటితో కొట్టి విన్నాడు. ఖంగుమంది. “ఇది మట్టి కాదు బాబూ, రాయి. నా ఆవంలో ఈ వేడి రాదు” అన్నాడు. నిజమే; మన ఆవంలో ఏడెనిమిది వందల డిగ్రీలు వస్తే గొప్ప.

అతని మట్టి ఎక్కడిదని అడిగేను. అనకాపల్లి వైపు చెరువుల్లోంచి ట్రాక్టరుమీద వస్తుందట. “మా ఊరి చెరువు మట్టయితే ఇంకా సన్నంగా చెయ్యొచ్చు. అది ఫేక్టరీ లోపలుండిపోయింది.” ఆ మాట అతను మూతని వేళ్ళమధ్య తిప్పి చూస్తూనే అన్నాడు. ఈషింగ్‌లో కూడా ఈ శతాబ్దం మొదట్లో ఆ పసుపుపచ్చ డ్రాగను కొండని తవ్వడం ఆపించేశారని చెప్పేను. “మరాళ్ళేటి చేస్తన్నారు?” అని అడిగేడు. ముందు తవ్వి పోసుకున్న మట్టిని బంగారంలా తూచి అమ్ముకుంటున్నారని చెప్పేను. తల ఊపేడు.

ఎనిమిది మూతలు చేసేడు, ఒకదానికన్నా ఒకటి నూలువాసి తేడాతో. ఆరినప్పుడొకసారి, కాలినప్పుడొకసారి మట్టి కుదించుకుపోతుంది గనుక ఎంత పెద్దది చేస్తే సరిపోతుందో కళ్ళతో కొలిచి చెప్పడం దేవుడి తరం కూడా కాదన్నాడు. కాల్చేక అయిదు పనికిరాలేదు. రెండు పగిలేయి. మిగిలిన ఒక్కదాన్ని రాతిమీద అరగదీసి కూర్చోబెట్టేడు. అది ఇటుకరంగు, కూజా కాలేయపు ఎరుపు. ఒక మంచి చీరకి గోనెసంచి జాకెట్టులా ఉంది. ఎంతివ్వమంటావంటే ఇరవై రూపాయలన్నాడు. ఈసారి నేను బేరమాడలేదు. అయిదొందలు ఇస్తే, చిల్లర లేదంటూ చాలాసేపు తటపటాయించి పుచ్చుకున్నాడు.

మూతా కూజా పట్టుకుని మామ్మ ఇంటికి వెళ్ళేను. మనవడు బయట అరుగుమీద ఉన్నాడు, లేచి లోపలికి దారి ఇచ్చేడు. నేను మామ్మతో, నేనడిగిన మూడు వేలూ తప్పుధర అనీ, అది పది వేలదాకా చేసేదనీ, ఇప్పుడు మూత పోయింది కనుక అంత చెయ్యదనీ, అదీ నా మూలానే అనీ, వరసగా చెప్పేను. పాఠం అప్పజెప్పినట్టుంది నాకే.

“నానమ్ముతానని నీకెవులు సెప్పినారు?” అంది మామ్మ. కొత్త మూత తీసి వాసన చూసింది. వేణ్ణీళ్ళలో ముంచి తీసింది. కూజామీద పెట్టి, చెయ్యి తిప్పి చూసి, “వాము నీళ్ళు సల్లారకుంటే సాలు” అంది.

అప్పటికి పిల్ల ఏడుపు అందుకుంది. ఆవిడ మామూలుగా కాళ్ళు చాపుకు కూర్చుని, పిల్లని వేసుకుని, కూజా వంచింది. ఒక్క చుక్క రాలేదు.

అప్పుడు గుర్తొచ్చింది నాకు. మూతకి బెజ్జం పెట్టమని కుమ్మరికి చెప్పడం మరిచిపోయేను. గాలి పోయే దారి లేక నీళ్ళు కదలడం లేదు. ఆ సంగతి వివరించబోయి నోరు తెరిచేను.

మామ్మ అప్పటికే బొటనవేలితో మూత అంచు కొంచెం పైకెత్తింది. వాము నీళ్ళు సన్నగా వచ్చేయి. పిల్ల మొహం వికారంగా పెట్టి, చప్పరించి, ఇంకా కావాలని నోరు తెరిచింది.